చిన్న ఆటల సంఘానికి సీఈఓని ఎంచుకోవడం ఎలా?

బాల్ బ్యాడ్మింటన్, ఖోఖో, సాఫ్ట్‌బాల్, నెట్‌బాల్, ఫెన్సింగ్... ఏ ఆట రాష్ట్ర సంఘం వాళ్లు కలిసినా ఈమధ్య ఒకటే మాట అడుగుతున్నారు: "సార్, జీతమిచ్చి ఒక సీఈఓని పెట్టుకుందామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఆ ప్రశ్న వెనకున్న అలసట నాకు బాగా తెలుసు. మన చిన్న ఆటల్లో కార్యదర్శి అంటే ఎక్కువగా ఏదో హైస్కూల్లో పీడీగారే (ఆటల మాస్టారు). బడి వదిలాక ఎంట్రీలు, రాత్రి అన్నం తిన్నాక ఓచర్లు, ఆదివారం సెలక్షన్స్. దానికి తోడు 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పరిపాలన చట్టం వచ్చింది. జాతీయ సంస్థల కార్యవర్గం 15 మందికి మించకూడదు, అందులో కనీసం నలుగురు మహిళలు ఉండాలి, ఆటగాళ్ల ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉండాలి. ఆ కాగితాల పని ఢిల్లీలో ఆగదు, రాష్ట్రానికీ జిల్లాకీ దిగుతుంది. ఖాళీ దొరికినప్పుడు చేసే సేవతో ఇక నెట్టుకు రాలేం.

కాబట్టి సీఈఓ కావాలనుకోవడం సబబే. కానీ నేను చూసినంతలో ఈ నియామకాలు చెడేది తప్పుడు మనిషి దొరకడం వల్ల కాదు. మనం ఏ అధికారం వదులుకుంటున్నామో తేల్చుకోకుండానే మనిషిని వెతకడం మొదలుపెడతాం. అందుకే కింద చెప్పే పన్నెండు మెట్లలో ఉద్యోగ ప్రకటన ఆరో మెట్టు దగ్గర గానీ రాదు. ముందు ఐదూ దాటేసి నేరుగా అక్కడికి వెళ్లొద్దు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- సంఘం బైలాస్ (నియమావళి), ఆఖరి సవరణతో సహా. సొసైటీ రిజిస్ట్రార్ దగ్గర ఉన్న కాపీయే అసలుది. ఫైల్లో ఉన్న జిరాక్స్‌ని నమ్మొద్దు.
- గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు.
- కనీసం 18 నెలల జీతానికి సరిపడా డబ్బు ఎక్కడినుంచి వస్తుందో చెప్పే ఒక పేజీ లెక్క.
- మినిట్స్ బుక్కు.
- నాలుగైదు నెలల సమయం. ఎన్నికలకు ముందు ఆరు నెలల్లో ఈ పని పెట్టుకోవద్దు. కొత్త కార్యవర్గం వచ్చీరాగానే "ఈయన పాతవాళ్ల మనిషి" అంటుంది.

1. అసలు సీఈఓ కావాలా అని తేల్చుకోండి

కార్యదర్శిగారిని ఒక నెలపాటు ఏ రోజు ఏ పని ఎంతసేపు చేశారో డైరీలో రాయమనండి. నెలాఖరుకి చూస్తే సగం పని ఫోన్లు, ఎంట్రీ ఫారాలు, బిల్లులే అయితే మీకు కావాల్సింది ఒక మంచి ఆఫీస్ మేనేజర్. జీతం సగంలో అయిపోతుంది. నిధులు తేవడం, జిల్లాలను కదిలించడం, కోచ్‌ల శిక్షణ, ప్రభుత్వంతో పని లాంటివి ఆగిపోయి ఉంటే అప్పుడు సీఈఓ.

మధ్యదారి కూడా ఉంది. రెండు మూడు చిన్న సంఘాలు కలిసి ఒకే ఆఫీసు, ఒకే అకౌంటెంట్‌ని పెట్టుకోవచ్చు. నన్నడిగితే ఏడాదికి నాలుగు టోర్నీలు మించని సంఘాలకు ఇదే మేలు.

2. బైలాస్‌లో ఆ పోస్టుకి చోటు ఉందో చూడండి

చాలా బైలాస్‌లో సీఈఓ అన్న మాటే ఉండదు. "రోజువారీ పాలన గౌరవ కార్యదర్శిది" అని ఉంటుంది. దాన్ని మార్చకుండా సీఈఓని తెస్తే ఇద్దరికీ ఒకే కుర్చీ ఇచ్చినట్టు అవుతుంది. జనరల్ బాడీ పెట్టి, సవరణ చేసి, రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి.

భారత ఒలింపిక్ సంఘం దీన్ని ఎలా చేసిందో చూడండి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు పర్యవేక్షణలో 2022 నవంబరులో కొత్త నియమావళి ఆమోదించారు. అందులో సెక్రటరీ జనరల్ చూసే పనులు సీఈఓకి అప్పగించారు. కార్యవర్గంలో సీఈఓకి స్థానం ఇచ్చారు, ఓటు ఇవ్వలేదు. మీరూ అదే పాటించండి. జీతం తీసుకునే మనిషి తన జీతం మీద తానే ఓటు వేయకూడదు.

3. "ఎవరి సంతకం ఎక్కడ" కాగితం రాయండి

అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు ఇదే. ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయించండి.

నేను పనిచేసిన ఒక సంఘంలో మంచి అమ్మాయిని సీఈఓగా తీసుకున్నాం. చురుకైన మనిషి, లెక్క తెలిసిన మనిషి. మూడో నెలలో జూనియర్ బాలికల క్యాంపు. మెస్ వాడికి 38 వేలు ఇవ్వాలి. చెక్‌బుక్కు ట్రెజరర్‌గారి దగ్గర, ఆయన పెళ్లికని వేరే ఊళ్లో. సీఈఓకి పదివేలు కూడా డ్రా చేసే అధికారం మేం రాసివ్వలేదు. ఆ పూట పిల్లలు స్టీలు పళ్లేలు పట్టుకుని వరండాలో గంటన్నర నిలబడ్డారు. ఆ అమ్మాయి తన ఏటీఎం కార్డుతో కొంత కట్టింది. ఏడో నెలలో రాజీనామా చేసింది. తప్పు పూర్తిగా కార్యవర్గానిది. అందులో నేనూ ఉన్నాను.

ఆ కాగితంలో కనీసం ఇవి ఉండాలి. అంకెలు మీ సంఘం స్థాయినిబట్టి మార్చుకోండి:

- పది వేల లోపు ఖర్చు: సీఈఓ ఒక్కరే. నెలాఖరుకి బిల్లులు ట్రెజరర్‌కి.
- పది వేల నుంచి యాభై వేల దాకా, బడ్జెట్‌లో ముందే ఉన్నది: సీఈఓ, ట్రెజరర్ కలిసి. రెండు రోజుల్లో తేల్చాలి.
- యాభై వేలు దాటితే: కార్యవర్గ తీర్మానం.
- జట్టు ఎంపిక: సెలక్షన్ కమిటీదే. సీఈఓ గానీ ప్రెసిడెంట్ గానీ పేరు చెప్పడానికి వీల్లేదు.
- సిబ్బంది, కోచ్‌ల సెలవులు, డ్యూటీలు: సీఈఓ.
- సర్టిఫికెట్లు: కింద చూడండి.

సర్టిఫికెట్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. క్రీడా కోటా ఉద్యోగాలకు జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినట్టు ఫారం-2 కావాలి. దాని మీద రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం ఉంటుంది. బాల్ బ్యాడ్మింటన్‌తో సహా మన ఆటలు చాలావరకు కేంద్ర ప్రభుత్వ కోటా జాబితాలో ఉన్నాయి. అంటే ఆ ఒక్క కాగితం ఒక ఉద్యోగంతో సమానం. చిన్న సంఘంలో అన్నిటికన్నా పెద్ద ప్రలోభం టోర్నీ డబ్బు దగ్గర ఉండదు, ఇక్కడ ఉంటుంది. కాబట్టి వరస నంబర్లున్న రిజిస్టర్ పెట్టండి. ఎంట్రీ ఫారం, స్కోర్ షీటు, జట్టు ఫొటో మూడూ సరిచూసి సీఈఓ ముందు ఇనీషియల్ వేయాలి, ఆ తర్వాతే కార్యదర్శి సంతకం. ఒక్కరి చేతిలో మొత్తం పెట్టొద్దు. కొత్తగా వచ్చే మనిషి చేతిలో అసలే పెట్టొద్దు.

ఈ మెట్టు సరిగ్గా అయిందా లేదా తెలుసుకోవడం సులువు. కాగితం పూర్తయ్యాక కార్యదర్శిగారిని, ట్రెజరర్‌గారిని విడివిడిగా అడగండి: "రేపు పాతిక వేల బంతుల బిల్లు వచ్చింది, ఎవరు పాస్ చేస్తారు?" ఇద్దరూ ఒకే జవాబు చెప్పాలి. చెప్పకపోతే మళ్లీ కూర్చోండి.

4. జీతం ముందే ఖాయం చేయండి

మనిషి దొరికాక బేరం ఆడదామనుకోవద్దు. కనిష్ఠం ఇంత, గరిష్ఠం ఇంత అని తీర్మానంలో అంకెలతో రాయండి.

భారత ఒలింపిక్ సంఘం ఉదాహరణే మళ్లీ. నియమావళి బాగానే రాసుకున్నారు. కానీ 2024 జనవరిలో సీఈఓ నియామకం ప్రకటించాక కార్యవర్గంలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నియామకం జరిగిన తీరు మీద, జీతం మీద గొడవ నెలల తరబడి నడిచింది. అంత పెద్ద సంఘమే తట్టుకోలేకపోతే మనం ఎంత?

డబ్బు ఎక్కడినుంచి అంటారా? అఫిలియేషన్ ఫీజు, ఎంట్రీ ఫీజులతో జీతం రాదు. ప్రభుత్వ గ్రాంటు దేనికోసం ఇచ్చారో దానికే వాడాలి, జీతానికి మళ్లిస్తే వినియోగ ధ్రువపత్రం (గ్రాంటు దేనికి ఖర్చయిందో ప్రభుత్వానికి చూపే కాగితం) దగ్గర ఇరుక్కుంటారు. కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులకు దారి ఉంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడల శిక్షణ ఉన్నాయి. దానికి సంఘానికి 12ఏ, 80జీ అని పిలిచే ఆదాయపన్ను రిజిస్ట్రేషన్లు, ఆపైన కంపెనీ వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. ఇవి లేకపోతే సీఈఓ వచ్చి చేస్తారని ఆగకుండా మీ ఆడిటర్‌తో ఇప్పుడే మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక. "జీతం తక్కువిస్తాం, తెచ్చిన స్పాన్సర్‌షిప్‌లో పది శాతం తీసుకో" అనే ఏర్పాటు చాలామందికి తెలివైనదిగా కనిపిస్తుంది. దాంతో సీఈఓ దృష్టి స్పాన్సర్ల చుట్టూనే తిరుగుతుంది, జిల్లాల వైపు చూడరు. స్పాన్సర్ ఇంటి పిల్లాడు సెలక్షన్స్‌కి వచ్చినప్పుడు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

5. ఎంపిక ప్యానెల్ వేయండి

ఐదుగురు చాలు. ప్రెసిడెంట్ లేదా ఆయన నియమించినవారు, ఆడి మానేసిన ఒక మహిళా క్రీడాకారిణి, బయటి నుంచి హెచ్ఆర్ లేదా ఆడిట్ తెలిసినవారు ఒకరు, వేరే ఆట సంఘంలో పాలన చూసినవారు ఒకరు, జిల్లాల తరఫున ఒకరు. పదవిలో ఉన్న కార్యదర్శిని ప్యానెల్లో పెట్టొద్దు. ఆయన దగ్గర సమాచారం తీసుకోండి, మార్కులు వేయించొద్దు.

దరఖాస్తుల జాబితా చేతికి రాగానే ప్రతి సభ్యుడూ ఒక కాగితం మీద రాసివ్వాలి: "వీరిలో నాకు బంధువులు, వ్యాపార భాగస్వాములు, నా దగ్గర పనిచేసినవారు వీరు." అలాంటివారు ఉంటే ఆ సభ్యుడు తప్పుకోవాలి. మన ఊళ్లలో అందరూ అందరికీ ఏదో వరస అవుతారు, నిజమే. ఆ వరస కాగితం మీదికి వస్తే చాలు. పన్ను మినహాయింపు ఉన్న సంఘం ఆఫీస్ బేరర్ల బంధువుకి న్యాయమైన జీతం కన్నా ఎక్కువిస్తే ఆ మినహాయింపుకే ముప్పు వస్తుందని కూడా గుర్తుచేయండి.

6. ప్రకటన

ఒక తెలుగు దినపత్రిక, లింక్డిన్, సంఘం ఫేస్‌బుక్ పేజీ, అన్ని జిల్లా సంఘాల వాట్సాప్ గ్రూపులు. పుణె సింబయాసిస్, రోహ్‌తక్ ఐఐఎం లాంటి చోట్ల స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ చదివిన తెలుగువాళ్లు ఉంటారు, అక్కడికీ ఒక మెయిల్ పెట్టండి. గడువు 21 రోజులు.

ప్రకటనలో జీతం రాయండి. "అర్హతను బట్టి" అంటే పనికొచ్చేవాళ్లు పక్కకి తప్పుకుంటారు. ఏ ఊళ్లో ఉండాలి, నెలకి ఎన్ని రోజులు జిల్లాలు తిరగాలి, ఎవరికి జవాబు చెప్పాలి, తెలుగు రాయడం చదవడం రావాలి, ఇవన్నీ రాయండి.

"ఈ ఆటలో జాతీయ క్రీడాకారుడై ఉండాలి" అనే షరతు పెట్టకండి. పెడితే మిగిలేది పది పన్నెండు మంది, వాళ్లందరూ ఎవరో ఒకరి శిష్యులే. ఆట మీద ప్రేమ ఇంటర్వ్యూలో తెలుస్తుంది.

7. వడపోత

దరఖాస్తులు తెరవకముందే మార్కుల పట్టిక ఖాయం చేయండి. నేను వాడేది ఇది: ఖాతాలు, పాలన అనుభవం 30, టోర్నీలు లేదా పెద్ద కార్యక్రమాలు నడిపినది 25, నిధులు తెచ్చినది 20, పిల్లలతో, ఆటగాళ్లతో పనిచేసినది 15, తెలుగు, ఇంగ్లిష్ రాత 10. ఒక్కొక్కరు విడిగా మార్కులు వేసి కవర్లో పెట్టాలి. ఆ తర్వాతే చర్చ. ముందు చర్చ పెడితే పెద్దాయన మాటే అందరి మార్కూ అవుతుంది.

ఐదుగురిని పిలవండి.

8. పని పెట్టి చూడండి

ఇంటర్వ్యూలో బాగా మాట్లాడేవాళ్లు చాలామంది దొరుకుతారు. అందుకే నేను గంటన్నర పని ఇస్తాను. బాల్ బ్యాడ్మింటన్ అనుకుని చెబుతున్నా, మీ ఆటకి మార్చుకోండి.

"జూనియర్ రాష్ట్ర పోటీలు. 13 బాలుర జట్లు, 11 బాలికల జట్లు, జట్టుకి పది మంది. మూడు రోజులు, నాలుగు మట్టి కోర్టులు. రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి వాన పడింది. రెండు కోర్టులు బురద. ఊలు బంతులు ఆరు డజన్లలో రెండు డజన్లు తడిశాయి. సాయంత్రం ఆరింటికి ఎమ్మెల్యేగారు వస్తున్నారు. ఏం చేస్తారు? రాసి చూపించండి."

వాళ్లు రాసిన షెడ్యూల్ కన్నా ముందు అడిగే ప్రశ్నలు వినండి. ఒకాయన మొదట అడిగింది "వేదిక మీద షామియానా ఉందా?" అని. ఇంకొకావిడ అడిగింది "బాలికలు ఏ స్కూల్లో ఉంటున్నారు, ఆ గదులు ఎప్పుడు ఖాళీ చేయాలి? దూరం జిల్లాల వాళ్ల తిరుగు రైలు ఎన్నింటికి?" ఆ తర్వాత బంతి సంగతి: తడిసిన ఊలు బరువెక్కుతుంది, ఆరబెట్టినా రేపటికి అదే బౌన్స్ ఉండదు, కాబట్టి పక్క జిల్లా నుంచి ఈ రాత్రికే తెప్పించాలి అంది. ఆవిడ ఎప్పుడూ ఆ ఆట ఆడలేదు. ముందురోజు స్టేడియానికి వెళ్లి ప్రాక్టీసు చూసి, పిల్లల్ని అడిగి తెలుసుకుని వచ్చింది.

రెండో పని చిన్నది. పేర్లు తీసేసిన పాత ఆడిట్ రిపోర్టు ఇచ్చి "ఇందులో మీకు ఆందోళన కలిగించేవి మూడు చెప్పండి" అనండి. ఖర్చయిపోయి వినియోగ ధ్రువపత్రం వెళ్లని గ్రాంటు ఒకటి అందులో ఉండేలా చూసుకోండి. దాన్ని పట్టుకోలేనివారికి ఖాతాలు అప్పగించలేం.

9. ఇంటర్వ్యూ

అందరికీ ఒకే ప్రశ్నలు, ఒకే వరసలో. నేను తప్పకుండా అడిగేవి: "మీ పైవారు చెప్పిన పనిని చేయనన్న సందర్భం చెప్పండి." "కోచ్ మీద ఒక అమ్మాయి తల్లి ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది, రాతపూర్వకంగా ఇవ్వనంటోంది. మొదటి గంటలో ఏం చేస్తారు?" రెండో ప్రశ్నకి "ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీ చేస్తాను" అంటే అక్కడితో ఆపేయండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక వేధింపు అయితే పోలీసులకు చెప్పడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. రాజీకి అక్కడ చోటు లేదు.

వరంగల్ జె. పిచ్చయ్యగారు బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు తెచ్చారని అభ్యర్థికి తెలియకపోతే పర్వాలేదు, వచ్చాక తెలుసుకుంటారు. ఇంటర్వ్యూకి ముందు ఒక్క మ్యాచ్ కూడా చూడలేదంటే మాత్రం నేను మార్కులు తగ్గిస్తాను.

వీలుంటే ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లతో అరగంట విడిగా మాట్లాడించండి. పిల్లల్ని ఒకే మాట అడగండి: "ఈయన మీ మాట విన్నారా, తనే మాట్లాడారా?"

10. వాకబు

అభ్యర్థి ఇచ్చిన ఇద్దరికీ ఫోన్ చేయండి. అభ్యర్థికి చెప్పి, ఇంకో ఇద్దరికి కూడా. పాత ఆఫీసు అకౌంటెంట్, ఆయన కింద పనిచేసినవారు ఒకరు ఉంటే మంచిది. "ఎలాంటి మనిషి?" అని అడిగితే "మంచోడండీ" అంటారు. "మళ్లీ అవకాశం వస్తే ఆయన్ని తీసుకుంటారా? అడ్వాన్సు తీసుకుంటే బిల్లులు ఎన్నాళ్లకి ఇచ్చేవారు?" అని అడగండి. డిగ్రీలు, పోలీస్ వెరిఫికేషన్ తప్పనిసరి. ఎంత పెద్దాయన సిఫారసు అయినా వదిలిపెట్టొద్దు.

11. తీర్మానం, ఒప్పందం, ప్రకటన: ఈ వరసలోనే

కోరంతో కార్యవర్గ సమావేశం, మార్కుల పట్టిక జతచేసిన తీర్మానం, ఆఫర్ లెటర్, సంతకాలు, అప్పుడు పత్రికలకు ఫొటో. శాలువా ముందు కప్పి తీర్మానం తర్వాత రాసుకుంటే అది కోర్టులో నిలవడం కష్టం.

ఒప్పందంలో ఉండాల్సినవి: మూడేళ్ల కాలం, ఆరు నెలల ప్రొబేషన్, ఇరువైపులా నోటీసు గడువు, జీతం మీద టీడీఎస్, ఏటా స్వప్రయోజనాల ప్రకటన (సంఘంతో వ్యవహారమున్న బంధుత్వాలు, వ్యాపారాలు రాసివ్వడం), "ఎవరి సంతకం ఎక్కడ" కాగితం. సంఘం ఈమెయిల్, వెబ్‌సైట్, ఫేస్‌బుక్ పేజీ, ఆటగాళ్ల డేటా సంఘం సొత్తు అని ఒక వాక్యం. ఈ వాక్యం లేక ఒక సంఘం తన పేజీని తానే తెరవలేక ఏడాది తిప్పలు పడింది.

రెండో స్థానంలో నిలిచినవారికి కూడా ఫోన్ చేసి చెప్పండి. ఆ జాబితా ఆరు నెలలు చెల్లుతుందని తీర్మానంలో రాయండి.

12. అప్పగింత

మొదటి రోజే లిస్టు రాసి సంతకాలతో అప్పగించాలి: రిజిస్టర్లు, రబ్బరు స్టాంపులు, పాస్‌వర్డులు, కిట్ల స్టాకు, జిల్లాల బకాయిలు. స్టాంపులు లెక్కపెట్టండి. రెండు ఉండాల్సిన చోట నాలుగు తేలితే మిగతావి అక్కడే కత్తిరించి పారేయండి.

పాత కార్యదర్శిగారికి అలవాటుగా ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆయన విసుక్కోకుండా "ఆ విషయం సీఈఓగారిని అడగండి" అని మూడు నెలలు చెబితే చాలు, దారి మారుతుంది. ఆ మాట చెప్పడం ఏళ్ల తరబడి సంఘాన్ని మోసిన మనిషికి కష్టం. ప్రెసిడెంట్ స్వయంగా వాళ్ల ఇంటికి వెళ్లి ఆ సహాయం అడగాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

రిటైరైన పెద్ద అధికారి దొరికారని సంబరపడి తీసుకోవడం. గౌరవం వస్తుంది, కానీ అనంతపురం నుంచి అర్ధరాత్రి జట్టు మేనేజర్ ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కావాలి. కొందరు ఎత్తుతారు, తీసుకునే ముందు తెలుసుకోండి.

ఓడిపోయిన కార్యదర్శి అభ్యర్థికి ఓదార్పుగా ఈ పోస్టు ఇవ్వడం. రెండో రోజు నుంచే వర్గాలు మొదలవుతాయి.

సీఈఓ వచ్చాక కూడా ప్రతి సభ్యుడూ నేరుగా పనులు చెప్పడం. ఒక్కరే చెప్పాలి, ప్రెసిడెంట్ లేదా ఆయన నియమించిన ఒకరు.

సరైన మనిషే దొరికారా? ఇలా చూడండి

మూడు నెలలకి: సర్టిఫికెట్ రిజిస్టర్ తెరిచి ఏవో ఐదు నంబర్లు ఎంచుకుని స్కోర్ షీట్లతో పోల్చండి. ఐదూ సరిపోవాలి. బ్యాంకు లెక్క నెలనెలా కార్యవర్గానికి వస్తోందా చూడండి.

ఆరు నెలలకి: ఏ టోర్నీ అయినా ముగిసిన రోజు సాయంత్రం చెప్పకుండా బస్టాండుకో స్టేషన్‌కో వెళ్లి తిరుగు ప్రయాణంలో ఉన్న పిల్లల్ని అడగండి, టీఏ డీఏ చేతికి వచ్చిందా, ఎంత వచ్చింది అని. ఆ అంకె ఓచర్ మీది అంకెతో సరిపోవాలి. ప్రొబేషన్ నిర్ణయం దీని మీదే తీసుకోండి.

ఏడాదికి: బాలికల జట్టు పంపే జిల్లాలు పెరిగాయా? గ్రాంట్ల వినియోగ ధ్రువపత్రాలన్నీ వెళ్లాయా? ఒకే స్పాన్సర్ మీద ఆధారపడటం తగ్గిందా?

వీటిలో దేనికైనా సీఈఓ జవాబు "ట్రెజరర్‌గారు సంతకం పెట్టలేదండీ" అయితే, ఆయన్ని తప్పుపట్టేముందు మూడో మెట్టులో మీరు రాసిన కాగితం తీసి చదవండి.